మూత పెట్టిన వాసన

శివరామయ్యగారు ఆ గ్లవ్సును చేత్తో ముట్టుకోలేదు. హాకీ స్టిక్కు కొనకు తగిలించి, చచ్చిన పామును పుల్లతో ఎత్తినట్టు ఎత్తి, పదహారుమంది ఆడపిల్లల మధ్యలోంచి నడిచొచ్చి అంద్రెయ కాళ్ళ ముందు జారవిడిచారు.

"ఏంటయ్యా ఇది?"

"గోల్‌కీపరు గ్లవ్సండి. కుడిచేతిది."

"అది నాకూ కనపడతంది. నేనడిగేది కంటి సంగతి కాదు, ముక్కు సంగతి."

అంద్రెయ వంగి తీసుకున్నాడు. ముక్కు దాకా ఎత్తాల్సిన పని లేకుండానే వాసన తనంతట తనే పైకొచ్చింది. పుల్లగా, చల్లగా, నెల రోజులుగా ఎవరూ తెరవని గదిలాంటి వాసన.

"నిజాంపట్నం హార్బరు నడుచుకుంటా బాపట్ల వచ్చేసినట్టుంది గదా!" అన్నారు శివరామయ్యగారు, అందరికీ వినపడేలా.

పిల్లల్లో నలుగురు నవ్వారు. మిగతావాళ్ళు ముక్కులు మూసుకుని నవ్వారు. ముక్కు మూసుకుని నవ్వే నవ్వు మామూలు నవ్వుకంటే గట్టిగా వినపడుతుంది. నవ్వనిది ప్రియ ఒక్కతే. ఆ పిల్లది నిజాంపట్నం. తల్లి అక్కడి కళ్ళాల్లో చేపలు ఎండబెడుతుంది. గోలు కాసే పిల్లేగానీ గోల చేసే పిల్ల కాదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోలుపోస్టు నీడలో ఇంకో అడుగు లోపలికి జరిగింది.

"ఆదివారం రేపల్లెలో జిల్లా సెలక్షన్సు. పెద్దవాళ్ళొస్తారు. ఈ కంపుతో నా టీమును నిలబెట్టను. శనివారం సాయంత్రం నేనే వాసన చూస్తా. పోతే ప్రియ నిలబడుద్ది, పోకపోతే లాస్య. అంతే." శివరామయ్యగారు స్టిక్కు కొనను గడ్డికేసి తుడిచారు. "ఇదుగో అంద్రెయ్యా, ఉతుకుతానని ఊరికే నానబెట్టేవు. స్పాంజి ఉబ్బినా, తోలు చిట్లినా, నెలాఖరుకి నీ కాగితం మీద నేను సంతకం పెట్టను."

శివరామయ్యగారు ఆ కాలేజీకి పీడీ. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. చివరి అక్షరానికి గుడిదీర్ఘం తీసేసి పలికేవాళ్ళు కూడా బాపట్లలో ఉన్నారుగానీ, వాళ్ళెవరికీ ఆయన సంతకంతో పనిలేదు. అంద్రెయకు ఉంది. ఆటసామాను గదికి అతను కాంట్రాక్టు అటెండరు. ఏడాదికోసారి ఆ సంతకం పడితేనే అతను అటెండరు, పడకపోతే ఉత్త అంద్రెయ.

సాయంత్రం ఆరున్నరకి ప్యాడ్లు, గ్లవ్సులు, బంతులు అన్నీ ఆకుపచ్చ రంగు ట్రంకుపెట్టెలో సర్దాడు. రెండు గుప్పెళ్ళ కలరా ఉండలు చల్లాడు. మూతేసి, మూత మీద మోకాలు ఆనించి, తాళం వేశాడు. ఆరున్నర దాటితే ఒక్క వస్తువు కూడా బయట ఉండకూడదని సారు రూలు. హాస్టలు పిల్లల సామానంతా పెట్టెలోకి. లాస్య గ్లవ్సు మాత్రం లాస్య సొంతం, అవి రోజూ వాళ్ళ నాన్న కారెక్కి ఇంటికెళ్ళిపోతాయి. హాకీలో 'హా' అనేది చూసేవాళ్ళ వంతు, 'కీ' మాత్రం అంద్రెయ వంతు. దాన్ని మొలతాడుకి కట్టుకుని అతను ఇంటికెళ్ళాడు. సముద్రం వైపు ఆకాశం గంజి వార్చని అన్నంలా తెల్లగా, మెతకగా ఉంది.

గురువారం పొద్దున్నే జెర్సీలకు నంబర్లు వేయించుకు రమ్మని సారు తెనాలి పంపారు. అంద్రెయ గ్లవ్సు జత కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టి పట్టుకెళ్ళాడు. పాసింజరు కిటకిటలాడుతోంది. కవరు విప్పి ఒకసారి చూసుకున్నాడు, అంతే. ఎదుటి సీటాయన కిటికీ వైపు తిరిగాడు, పక్కనున్న ఆవిడ పిల్లాణ్ణెత్తుకుని తలుపు దగ్గరికి పోయింది. పొన్నూరు దాటేసరికి సీటంతా అంద్రెయదే. పాతికేళ్ళుగా ఆ బండెక్కుతున్నాడు, కాళ్ళు చాపుకుని కూర్చోవడం అదే మొదలు. చాపుకున్నాడుగానీ సుఖంగా లేదు. అందరి చూపులూ కవరు మీంచి అతని మీదికి పాకాయి. నిన్న ఆ పిల్ల చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకుందో కొంచెం తెలిసింది.

తెనాలి స్టేషను దగ్గర సందులో జాన్ సైదా కొట్టు. బండి సీట్లు కుడతాడు, స్కూలు బ్యాగులకి జిప్పులేస్తాడు, క్రికెట్ ప్యాడ్లకి ప్రాణం పోస్తాడు. గ్లవ్సును తిప్పి చూసి, వేళ్ళ సందుల్లో బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఏం అన్నా, దీన్ని బతికించాలా, స్నానం చేయించి సాగనంపాలా?"

"బతికించాలి భాయ్. ఇది పోతే నా ఉద్యోగమూ దీంతోనే పోద్ది."

"అయితే చెప్పినట్టు విను. తోలూ స్పాంజీ అత్తాకోడళ్ళ లెక్క. ఒకే కాపురం, ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు. స్పాంజికి నీళ్ళు ఇష్టం, ఎంత పోసినా తాగుద్ది. తోలుకి నీళ్ళు పడవు. అందుకని ముంచొద్దు, మెషీన్లో వెయ్యొద్దు, బ్లీచింగు జోలికి పోవద్దు."

జాన్ సైదా ముందు పొడి బ్రష్షుతో మట్టి దులిపాడు. కుంకుడుకాయలు నలగ్గొట్టి గోరువెచ్చని నీళ్ళలో పిసికి, నురుగు మాత్రం గుడ్డకి అద్దుకుని పైన తుడిచాడు. వెల్క్రో పట్టీలు ఒకదానికొకటి అంటించేశాడు, లేకపోతే లోపలి గుడ్డని పీకేస్తాయట. మెత్తటి టూత్‌బ్రష్షు అదే నురుగులో తడిపి ఒక్కో వేలు లోపలికీ పోనిచ్చి, చంటిబిడ్డ చెవి శుభ్రం చేసినట్టు, చుట్టూ తిప్పాడు. తుడిచిన గుడ్డ పిండితే మొదట వచ్చిన నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. తర్వాత వచ్చినవి పాలు కలిపిన టీ రంగులో. మూడు సార్లు తడిగుడ్డతో తుడిచాక నీళ్ళు నీళ్ళలా వచ్చాయి.

అంద్రెయ గ్లవ్సును పిండబోయాడు. జాన్ సైదా చేతిమీద కొట్టాడు.

"పిండితే స్పాంజి లోపల విరుగుద్ది. తువ్వాల్లో చుట్టి అదుము. వేళ్ళలో పేపరు కుక్కు. తడిసిన పేపరు తీసి పొడి పేపరు. ఎండలో పెట్టావా, తోలు అప్పడమే. నీడ, గాలి. ఆరినాక అరచేతివైపు కొబ్బరినూనె, అరచెంచా కాదన్నా, అరచుక్క. లోపల చిటికెడు వంటసోడా చల్లి దులిపెయ్."

సాయంత్రం నాలుగింటి దాకా గ్లవ్సు అతని కొట్లో ఫ్యాను కింద ఉన్నాయి. బాపట్లలో దిగి అంద్రెయ వాటిని ప్రియకిచ్చాడు. ఆ పిల్ల ముందు భయంగా, తర్వాత నమ్మలేనట్టు వాసన చూసింది.

"ఏం లేదు బాబాయ్! కుంకుడుకాయ వాసనొస్తంది, తలంటుకున్నట్టు."

పది నిమిషాలు తొడుక్కుని నాలుగు బంతులు ఆపింది. ఆరున్నరయింది. పెట్టె, కలరా ఉండలు, మోకాలు, తాళం.

శుక్రవారం పొద్దున తాళం తీయగానే అంద్రెయ వెనక్కి తూలాడు. వాసన అక్కడే ఉంది. వెళ్ళినట్టే వెళ్ళి, రాత్రికి ఇల్లు గుర్తుపట్టి తిరిగొచ్చిన పిల్లిలా, కుడి గ్లవ్సులో ముడుచుకు పడుకుని ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాడు. బ్రష్షు, కుంకుడు నురుగు, తడిగుడ్డ, తువ్వాలు, పేపరు. తలుపేసుకుని ఒక్కడే చేశాడు, సారు చూస్తే మాటొస్తుందని. గాలిలో తేమ జిగురులా ఉంది, పేపరు ఎన్నిసార్లు మార్చినా మెత్తబడుతోంది. హార్బరులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారని క్యాంటీను రేడియోలో చెప్పారు. సాయంత్రానికి పైనంతా పొడిగా తగిలింది, వాసన లేదు. ప్రియ పది నిమిషాలు తొడుక్కుంది. ఆరున్నరకి తాళం.

శనివారం పొద్దున మళ్ళీ అదే.

అంద్రెయ మూత పట్టుకునే లెక్క వేసుకున్నాడు. ఉతికిన రెండు రోజులూ వాసన పోయింది. రెండు రోజులూ ఆ పిల్ల తొడుక్కుంది. రెండు రోజులూ తెల్లారేసరికి వచ్చింది. లెక్క ఎటు తిప్పి కూడినా ఆ పిల్ల చేతుల దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు. నచ్చకపోయినా, ప్రియ నీళ్ళసీసాతో గదిలోకి వచ్చినప్పుడు అడిగేశాడు.

"చేతులు బాగా కడుక్కుంటున్నావా అమ్మా?"

ప్రియ సీసా కింద పెట్టింది. రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది. అరచేతులు ఎర్రగా కందిపోయి, వేళ్ళ మొదళ్ళలో చర్మం పొరలుగా లేచి ఉంది.

"నిమ్మకాయతో రుద్దాను బాబాయ్. తర్వాత బట్టల సబ్బుతో. రోజుకి ఐదుసార్లు. పిల్లలు ముక్కులు మూసుకోడం మొదలెట్టి పది రోజులైంది, అప్పట్నుంచీ మెస్సులో చేపలు పెట్టిన పూట మజ్జిగన్నమే తింటన్నా." గొంతు తగ్గించింది. "నాకేమో వాసన తెలీట్లా. పుట్టినకాణ్ణుంచి అందులోనే ఉన్నా గదా, నా ముక్కుకి పట్టదేమో. నిజంగా వస్తందా?"

అంద్రెయ కిందున్న సీసా తీసి ఆ పిల్లకిచ్చాడు. ఆ చేతులకేసి మాత్రం చూడలేకపోయాడు.

పది గంటలకి ఏసమ్మ దిగింది. ప్రియ తల్లి. హార్బరులో మూడో నంబరు ఎగిరింది, బోట్లు వెళ్ళలేదు, ఎండబెట్టడానికి చేపల్లేవు. కూతురి సెలక్షను చూడొచ్చని నిజాంపట్నంలో బస్సెక్కి వచ్చేసింది. పొట్టిగా, గట్టిగా, నడుముకి కొంగు బిగించి ఉంది. కూతుర్ని పలకరించి, చేతులు చూసి, ఆ చేతులు పట్టుకునే సామాను గదిలోకి నడిచొచ్చింది.

"అన్నయ్యా, ఆ తొడుగులేంటో ఇటియ్యి."

ఇచ్చాడు. ఆవిడ సారులాగా ముఖం తిప్పుకోలేదు, పిల్లల్లాగా ముక్కు మూసుకోలేదు. కుడి గ్లవ్సు నోటిలోకి ముఖమంతా పెట్టేసి గట్టిగా పీల్చింది. ఆగింది. మళ్ళీ పీల్చింది. బంగారం గీటురాయి మీద గీసి చూసే కంసాలిలా కళ్ళు చిన్నవి చేసింది.

"ఇది చేప కాదన్నయ్యా."

"కాదా?"

"ముప్పై ఏళ్ళు. మెత్తళ్ళు, సావిళ్ళు, రొయ్యపొట్టు, కుళ్ళింది, ఎండింది, పచ్చిది, అన్నిట్నీ కళ్ళు మూసుకుని చెప్తా. చేప వాసన నాకు తెలీదా? ఇది మూత పెట్టిన వాసన." ఆవిడ గది నలుమూలలా చూసింది. "రాత్రిళ్ళు ఏడ పెడతన్నారు దీన్ని?"

అంద్రెయ చెయ్యి తనకు తెలియకుండానే మొలతాడు మీదికి పోయింది.

ఏసమ్మ చూపు ఆ చెయ్యి మీంచి ట్రంకుపెట్టె మీదికి వెళ్ళింది. వెళ్ళి మూత ఎత్తింది. లోపల ప్యాడ్లన్నీ తీసి నేలమీద పెట్టింది. అడుగున తుప్పు, తుప్పు మీద నల్లటి చెమ్మ, చెమ్మలో సగం కరిగిన కలరా ఉండలు. వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వేలు అంద్రెయ ముక్కు దగ్గర కూడా పెట్టింది. అదే. పుల్లగా, చల్లగా, గ్లవ్సులో ఉన్నదాని కన్నతల్లి అక్కడుంది.

"మా కళ్ళంలో కొత్తగా చేరినోళ్ళు చేసే తప్పే ఇది," అంది ఏసమ్మ. గొంతులో కోపం లేదు, అదే అతన్ని భయపెట్టింది. "చేప పైపైన ఎండుద్ది. పట్టుకుంటే గలగల్లాడుద్ది. ఎండిందనుకుని గోతంలో కట్టేస్తారు. ముల్లు పక్కన తడి అట్టాగే ఉంటది. తెల్లారి గోతం విప్పితే ఊరు ఊరంతా పారిపోద్ది. తప్పు చేపదా, గోతం కట్టినోడిదా?"

పెట్టెకు మూత ఉంటుంది, మనిషికి మూతి ఉంటుంది. ఇన్నేళ్ళుగా అంద్రెయ ఉద్యోగమల్లా వేళకి రెండూ మూసుకోవడమే. ఇప్పుడూ అలవాటు చొప్పున రెండోది మూసుకున్నాడు. కట్టింది నేనేనమ్మా అని ఒక్క ముక్క. నాలుక దాకా వచ్చి, సంతకం గుర్తొచ్చి, వెనక్కి పోయింది.

ఏసమ్మ జవాబు కోసం ఆగలేదు. మూలనున్న పాత గోలునెట్టు లాగింది. "ఇది వలే గదా," అంది. వరండాలో రెండు స్తంభాల మధ్య నడుము ఎత్తున బిగించి కట్టించింది. గ్లవ్సు పట్టీలు విప్పదీసి, నోరు విచ్చుకునేలా వెదురుపుల్ల అడ్డం పెట్టి, వేళ్ళు కిందికి వచ్చేలా వల మీద పెట్టింది. "కింద నించీ గాలాడాలి. గంటకోసారి తిప్పాలి. ఇసక మీద ఆరేసింది ఒక పక్కే ఆరుద్ది."

తుఫాను గాలి ఊరిని భయపెడుతోందిగానీ వలకి మాత్రం ఆ గాలే కావాలి. గంటకోసారి ఏసమ్మ తిప్పింది. మధ్యలో రెండుసార్లు అంద్రెయ తిప్పాడు. పైన పొడిగా ఉన్న స్పాంజిని నొక్కితే మధ్యాహ్నం దాకా లోపల చల్లగా తగిలింది. మూడింటికి ఆ చల్లదనం పోయింది, దాంతోపాటే వాసనా పోయింది.

ఆరింటికి ఫోను మోగింది. శివరామయ్యగారు.

"అంద్రెయ్యా, ఇవాళ నేను రావట్లేదు. లాస్య పేరు రాసి పంపేశా."

"సార్, వాసన చూస్తానన్నారండి. పోయిందండి..."

"ఎప్పుడో బుధవారమే పంపేశానయ్యా. ఇంకా వాసనేంటి? ఎక్స్‌ట్రాగా ఆ పిల్లని కూడా తీసుకురా, నీళ్ళందించుద్ది. అన్నీ పెట్టెలో పెట్టి తాళమెయ్యి. పొద్దున్నే వ్యానులోకి ఎక్కించు."

"అట్టాగేనండి."

బుధవారమే. గ్లవ్సు అతని కాళ్ళ ముందు పడ్డ రోజే. అంద్రెయ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ప్యాడ్లు పెట్టెలో పెట్టాడు. బంతులు పెట్టాడు. మూత వేశాడు. తాళం వేశాడు. గ్లవ్సు వల మీదే ఉన్నాయి. వాటికేసి చూడకుండా, తలుపు దగ్గర నిలబడ్డ ఏసమ్మతో అన్నాడు:

"రేపొద్దున బుట్టలో పెట్టుకుని రా చెల్లెమ్మా. మూత లేని బుట్టలో."

ఆదివారం రేపల్లెలో ఎండ రాలేదు. మబ్బు గ్రౌండు మీదికి దిగొచ్చి ఏం జరుగుతుందో చూస్తున్నట్టు వేలాడుతోంది. కడ్డీలకు కట్టిన రంగు జెండాలు పటపటమని కొట్టుకుంటున్నాయి. సెలక్టరు రాఘవయ్యగారు రైల్వేలో ఆడి రిటైరైన మనిషి. సన్నగా, మాట తక్కువగా ఉంటారు. కాగితం చూసి అడిగారు:

"గోలుకి ఒక్క పేరే ఇచ్చారు. పోయిన నెల మ్యాచిలో ఇంకో అమ్మాయి నిలబడ్డట్టు గుర్తు. రెండు పెనాల్టీలు ఆపింది."

"ఉందండి, ప్రియ అని," శివరామయ్యగారు నవ్వారు. "ఆట పర్లేదండి. కానీ పక్కన నిలబడలేం. చేపల ఊరు గదండి, గ్లవ్సంతా ఆ కంపే. మిగతా పిల్లలు ఇబ్బంది పడతన్నారు. మాటెందుకు, మీరే చూడండి. అంద్రెయ్యా, పెట్టె తియ్."

వ్యాను పక్కన నేలమీద ఉంది పెట్టె. అంద్రెయ మోకాళ్ళ మీద కూర్చుని తాళం తిప్పాడు. మూత ఎత్తాడు.

రాఘవయ్యగారు చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశారు. చుట్టూ ఉన్న పిల్లలు జరిగారు.

"చూశారాండి! నేను చెప్పలా?" శివరామయ్యగారు స్టిక్కు కొనతో ప్యాడ్లు అటూ ఇటూ నెట్టారు. అడుగుదాకా నెట్టారు. "గ్లవ్సేవయ్యా?"

"పెట్టెలో లేవండి."

"మరి?"

పదిహేను గజాల అవతల, గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పక్కన, ఏసమ్మ తాటాకుబుట్ట పట్టుకుని నిలబడి ఉంది. పక్కన ప్రియ. గ్లవ్సు తొడుక్కునే ఉంది. రాఘవయ్యగారు రుమాలు దించి, గాలికి ఎదురుగా నడిచి వెళ్ళారు. "అమ్మాయ్, చెయ్యి ఇటు." ప్రియ కుడిచెయ్యి చాపింది. ఆయన వంగి వాసన చూశారు. ఎడమది కూడా చూశారు. తిరిగి వచ్చి పెట్టె ముందు ఆగారు.

"ఆ అమ్మాయి దగ్గర ఏ వాసనా లేదు. గ్లవ్సు ఈ పెట్టెలో లేవు. మరి ఇది దేనిదండి?"

శివరామయ్యగారు అంద్రెయ వైపు చూశారు. ఆ చూపులో నెలాఖరు ఉంది. కాగితం ఉంది. దానికింద సంతకం పెట్టాల్సిన ఖాళీ కూడా ఉంది. చూపు చెప్పింది: ఏదో ఒకటి చెప్పు, ఎలుక చచ్చిందని చెప్పు.

అంద్రెయ లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకి అంటిన మట్టి దులుపుకోలేదు.

"పెట్టెదండి. తడి ఆరకుండా రోజూ ఆరున్నరకి మూతేసి తాళం వేసింది నేనండి. వాసనొస్తే కలరా ఉండలు చల్లి ఇంకా గట్టిగా మూశానండి. రెండేళ్ళ బట్టీ." తలతో ప్రియ వైపు చూపించాడు. "పిల్లదే అనుకున్నానండి. నిన్న నేను కూడా ఆ పిల్లని చేతులు కడుక్కున్నావా అని అడిగాను. తప్పు నాదండి. ఆ చేతుల్ది కాదు."

జెండాలు కొట్టుకున్నాయి. ప్రియ అతనికేసి చూసింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు.

"ఇద్దర్నీ నిలబెట్టండి," అన్నారు రాఘవయ్యగారు. "చెరొక పది బంతులు. నేను చూస్తా."

ఆయన అటు తిరగగానే శివరామయ్యగారు దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. "తాళంచెవి." గొంతు పెంచలేదు. "మిగతా సంగతి బాపట్లలో మాట్లాడదాం."

అంద్రెయ మొలతాడు ముడి విప్పడానికి కొంచెంసేపు పట్టింది. ఏళ్ళ తరబడి విప్పని ముడి. విప్పి, తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని రెండు వేళ్ళతో, అంటీ అంటనట్టు పట్టుకుని వెళ్ళిపోయారు.

గోలుపోస్టుల మధ్య ప్రియ నిలబడింది. అలవాటు కొద్దీ కుడి గ్లవ్సు ముక్కు దాకా ఎత్తి, మధ్యలోనే ఆపి, దించేసింది. రెండు చేతులూ ఒకదానికొకటి తాటించింది. మొదటి బంతి నేలబారుగా ఎడమ మూలకి దూసుకొచ్చింది. ఆ పిల్ల పడిపోయిందనుకున్నారు. పడలేదు, పరుచుకుంది. ఎడమ గ్లవ్సుకి తగిలి బంతి తాడు అవతలికి ఎగిరింది. చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళు ఒక్కసారే 'హా' అన్నాయి. ఏసమ్మ ఖాళీ బుట్టని గుండెలకి ఆనించుకుంది.

అవతల షామియానా కింద శివరామయ్యగారు ఎవరితోనో తల దగ్గరపెట్టి మాట్లాడుతున్నారు. మధ్యమధ్య ఇటు చూస్తున్నారు.

మొదటి చినుకు పెట్టె అడుగున తుప్పు మీద టప్పుమని పడింది. తర్వాత ఇంకోటి. వ్యాను డ్రైవరు కిటికీలోంచి అరిచాడు:

"వానొస్తంది! మూతెయ్యి అంద్రెయ్యన్నా!"

అంద్రెయ వినపడనట్టు గోలుపోస్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. అతని వెనక పెట్టె నోరు తెరుచుకునే ఉంది.